సున్నం బొట్టు పెట్టిన ఆనపకాయ

ఆనపకాయని తీగకి కడుతూ ఉండగా వీధి గేటు చప్పుడైంది.

అవును, కడుతూ ఉండగానే. ఆకుపచ్చ నైలాన్ దారంతో తొడిమకి రెండు చుట్లు చుట్టి, ముడి ఆకు వెనక్కి వచ్చేలా. ఈ పనిలో జయంత్‌ది అందెవేసిన చెయ్యి. టెక్కలిలో ఒక ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. ఆదివారం వచ్చిందంటే మాత్రం మేడ మీద రైతు. 'మన మేడ, మన కూర' అని ఒక ఛానెల్ పెట్టాడు. ఇంట్లోనే కూరలు పండించుకోవడం, చెత్తతో ఎరువు చేసుకోవడం, బజారు మొహం చూడకుండా బతకడం ఎలాగో చెబుతాడు. ఇరవై వేలమంది శ్రద్ధగా వింటారు. చెప్పేవాడి తీగకి ఇంతవరకు ఒక్క పిందె నిలవలేదన్న సంగతి ఆ ఇరవై వేలమందిలో ఎవరికీ తెలియదు.

ఈ ఆనపకాయ కూడా సంతలోదే. నెల క్రితం చూసి మోజుపడి కొన్నాడు. సన్నటి నడుము, గుండ్రటి పొట్ట, ఒంటిమీద ఒక సున్నం బొట్టు. ఇంటికి తెస్తే వాళ్లమ్మ వసంతలక్ష్మి కత్తిపీట మీద పెట్టి నొక్కి, "కాయా ఇది, రాయా? ముదిరిపోయిందిరా, నువ్వే తిను" అని మేడ మీదకి పంపేసింది. అప్పట్నుంచి అదే హీరోయిన్. ఇప్పటికి నాలుగు వీడియోల్లో కాసింది.

మొదటి వీడియో కింద ఎవరో అడిగారు, ఆ తెల్లబొట్టు ఏమిటండీ అని. మనవాడికి తెలియదు. తెలియదని చెప్పే అలవాటు అసలే లేదు. "చీమలు రాకుండా" అని రాసి పారేశాడు.

"జయంత్ గారు పైనున్నారేటి?"

ఆడగొంతు. మెట్లెక్కుతోంది కూడా! జయంత్ దారం తెంపేసి, కాయని నేలమీద పెట్టి, పక్కనున్న వెదురుబుట్ట దానిమీద బోర్లించి, ఆ బుట్టకి అడ్డంగా నిలబడ్డాడు.

పైకి వచ్చిన అమ్మాయి చున్నీతో మొహం తుడుచుకుంది. ఎండకి బుగ్గలు కందిపోయాయి. చేతిలో గుడ్డసంచి. మేడంతా ఒకసారి కలియజూసి, ఆ చూపుని తీసుకొచ్చి తిన్నగా అతని మొహం మీద పెట్టింది. అంత పెద్ద కళ్లు అంత తిన్నగా చూస్తే ఎవరికైనా కంగారే. బుట్ట కింద దొంగసొత్తు ఉన్నవాడి సంగతి చెప్పాలా?

"నా పేరు అశ్వినండి. పలాసలో ఒక బడిలో సైన్సు సెప్తన్నాను. మాది సంతబొమ్మాళి అవతల, సముద్రం దగ్గర. మీ వీడియోలు మా నాయినమ్మా నేనూ ఒక్కటీ ఒగ్గకుండా సూత్తాం."

"థాంక్సండీ" అన్నాడు, గొంతు సవరించుకుని.

"ఒక సాయం కావాలండి. మా నాయినమ్మ దగ్గర ఒక ఆనప ఇత్తనం ఉండేది. తిత్లీ తుపానుకి మా కొబ్బరి పోయింది, జీడితోట పోయింది, ఇంటి కప్పు కూడా లేచిపోయింది. పొయ్యి మీద ఎండిన ఆనపబుర్రలో బూడిద కలిపి దాసిన గింజలు మాత్రం మిగిలాయి. బుర్రెల్లి పనసకొమ్మకి తగులుకుంది. ఏటా ఒక్క కాయని ఇత్తనానికి ఒగ్గేత్తాం. సున్నం బొట్టు పెట్టామంటే ఆ కాయ జోలికి ఎవరూ ఎల్లరు."

సున్నం బొట్టు అన్న మాటకి జయంత్ చెవులు వేడెక్కాయి.

"ఈసారి మా పోలారావు మావయ్య సూసుకోకుండా మిగతావాటితో కలిపి దాన్నీ కోసీసి, ఇక్కడి సంతలో అమ్మేశాడు. నాయినమ్మ రెండ్రోజులు అన్నం తినలేదు. తరవాత మీ వీడియోలో అదే రకం కాయ కనబడింది. రెండంటే రెండు గింజలు ఇత్తారేమో అని వచ్చాను."

ఇంతకన్నా మంచి అవకాశం ఎవడికి దొరుకుతుంది? బుట్ట ఎత్తి "ఇదిగోనండి మీ కాయ" అంటే అయిపోయేది. కానీ అలా అంటే ఆ కళ్లముందు తను ఏమవుతాడు? ఆమె బొట్టు సంగతి గుర్తుపట్టలేదా, పట్టి కూడా ఊరుకుందా, అంతుపట్టలేదు.

"అయ్యో, అది వండేశామండీ" అన్నాడు. "పులుసు."

"ముదురుకాయ కదండీ?"

"ముదురు పులుసు."

ఛీ! అతనికే అసహ్యం వేసింది. ఆమె తల ఒకసారి ఊపి, సంచిలోంచి చిన్న పొట్లం తీసి గోడమీద పెట్టింది. "మా పెరటి జీడిపప్పండి. ఉత్తచేతుల్తో ఎల్లకని నాయినమ్మ పంపింది." తరవాత తీగ దగ్గరికి వెళ్లి ఆకులు పక్కకి తప్పించి చూసింది. జయంత్ బుట్టకి మరింత దగ్గరగా జరిగాడు.

"పిందెలు పసుపెక్కి రాలిపోతన్నాయి. మీరు పువ్వు రాయట్లేదేటండి?"

"రాయడమంటే?"

వేలల్లో శిష్యులున్న గురువుగారు అడిగిన ప్రశ్న అది. ఆమె నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"ఆనప సాయంకాలం పూత్తాదండి. ఇంత ఎత్తు మేడమీదకి పురుగులు రావు. మగపువ్వు తెంపి, రేకులు తీసీసి, కింద చిన్న పిందె ఉన్న పువ్వుంటాది చూడండి, దాని బొడ్డుకి మెల్లగా రాయాలి. మొక్కకి బియ్యం కడిగిన నీళ్లు పొయ్యండి. పుల్లమజ్జిగ పల్చగా చేసి ఆకులమీద జల్లండి. అన్నీ ఇంట్లో ఉన్నవే." మెట్లదాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "నా నంబరు రాసుకోండి. పిందె నిలిస్తే సెప్పండి."

ఆమె వెళ్లాక జయంత్ ఆ బుట్టమీదే కూలబడ్డాడు. పొట్లం విప్పితే కమ్మటి వాసన. ఒక్క పప్పు కూడా తినకుండా మళ్లీ మడిచేశాడు.

ఆ తరవాత ఆదివారాలు మనవాడికి ఒక పద్ధతిగా గడవలేదు. వీడియో తియ్యాలంటే తియ్యక తప్పదు, జనం అడుగుతున్నారు. కాయని మళ్లీ కట్టేవాడు. కట్టిన ప్రతిసారీ తనని తను తిట్టుకునేవాడు. సాయంకాలం మాత్రం కెమెరా లేకుండా పువ్వు పువ్వుకీ రాసేవాడు.

"రాశారా?" అని మెసేజ్ వచ్చేది.

"రాశాను. మగదాన్నే ఇంకో మగదానికి రాశాననుకుంటా."

"సంబంధం కుదరదు సార్. పిందె ఉన్నది చూడండి."

"ఆడపువ్వు తలదించుకుని ఉంది. సిగ్గేమో."

"మీరెక్కువ మాట్లాడతన్నారేటో అని దించుకుని ఉంటాది."

ఇలాగే మొదలైంది. పువ్వుల దగ్గర మొదలై బడిలో పిల్లల అల్లరి, ఆఫీసులో ఫ్యాను మోత, రాత్రి భోజనంలో ఏం కూర వరకూ వచ్చింది. ఆమె 'గారు' మానేసింది. అతను ఫోను చూసుకుని నవ్వుకోవడం వసంతలక్ష్మి గమనించి, "నీ ఛానెల్‌లో అంత జోకులేమున్నాయిరా?" అంది. నవ్విన ప్రతిసారీ వెంటనే బుట్ట కింద కాయ గుర్తొచ్చేది. ఆమె ఏ మాటన్నా, 'నువ్వు దొంగవి' అన్నట్టే వినబడేది.

మే నెలాఖరుకి ఒక పిందె నిలిచింది. అరచేయంత అయింది. నూగు మెరుస్తోంది. జయంత్ దాని ముందు గొంతుక్కూర్చుని పావుగంట చూశాడు. ఫోటో పంపితే అశ్విని ఫోనునుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది, ముసలి గొంతుతో:

"బాబూ, నాను ఎర్రమ్మని, అశ్విని నాయినమ్మని. పిందె దిగినాదట గదా! సల్లగుండు నాయినా. ఇత్తనాలేసే మృగశిర కార్తె ఒచ్చీత్తన్నాది. ఈలోపల ఎక్కడైనా మా ఇత్తనం కనబడితే సూడు. ఈ ఏడు ఎయ్యకపోతే మరింక లేనట్టే."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే భరించేవాడు. ఆమె దీవించింది, అదీ బాధ. జయంత్‌కి ఏడుపొచ్చింది. ఇరవై ఏడేళ్లవాడు, మేడమీద కుండీల మధ్య ముక్కు ఎగబీల్చుకుంటూ నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్న ఫోను స్టాండుకి పెట్టి రికార్డు నొక్కాడు. కాయని చేత్తో పట్టుకున్నాడు. "దీన్ని నేను పండించలేదు. సంతలో కొన్నాను. ఇదిగో దారం, ఇలా కట్టేవాడిని. సున్నం బొట్టు చీమలకి కాదు, విత్తనానికి ఉంచిన కాయ అని గుర్తు. నాకు తెలియక చెప్పాను. తెలిశాక కూడా ఊరుకున్నాను. నేను నిజంగా కాయించింది ఈ ఒక్క పిందె. అదీ ఒకరు నేర్పితే." పోస్టు చేసి, కాయని సంచిలో వేసుకుని, ఆర్టీసీ కాంప్లెక్సుకి వెళ్లి సంతబొమ్మాళి బస్సెక్కాడు.

దారంతా ఫోను గిలగిలా కొట్టుకుంది. తిట్లే తిట్లు. ఒక పెద్దాయన రాశాడు: "నా మేడమీద వంకాయలతో సహా అన్నిటికీ సున్నం పూశానయ్యా, నీ నోట్లో సున్నం కొట్టా!" జయంత్ ఫోను ఆపేశాడు. బస్సు కుదుపుకి సంచిలో కాయ గలగలమంది. మూడు నెలల ఎండకి లోపల గింజలు విడిపోయాయి. పక్క సీటు ఆవిడ అడిగింది, "ఏటి బాబూ, పిల్లలకి గిలక్కాయేటి?" అతను తల దించుకున్నాడు.

సంతబొమ్మాళిలో ఆటో ఎక్కి, ఎర్రమ్మ ఇల్లు అడిగి దిగేసరికి మబ్బు పట్టింది. పెరట్లో జీడిమామిడి నీడన ఎర్రమ్మ చుట్టూ పోక, తమలపాకు, సున్నపుకాయ పెట్టుకుని కూర్చుంది. అశ్విని మడిలో మట్టి గుల్ల చేస్తోంది. అతన్ని చూసి లేచింది, చేతులు మట్టితోనే.

ముందే అనుకున్న వాక్యాలన్నీ ఎగిరిపోయాయి. జయంత్ కాయని తీసి ఎర్రమ్మ ఒళ్లో పెట్టాడు.

"వండలేదు మామ్మగారూ. అబద్ధం చెప్పాను. మీ అమ్మాయి వచ్చినప్పుడు ఇది నా కాళ్లదగ్గరే ఉంది. సిగ్గుపడి దాచాను. ఇన్నాళ్లూ ఆ సిగ్గుతోనే ఉన్నాను. మీరేమన్నా పడతాను."

అశ్విని వైపు చూడలేకపోయాడు.

ఎర్రమ్మ కాయని చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. గలగల. బోసినోరు విచ్చుకుంది.

"బాగా ఎండినాది. వారం వారం సూత్తనే ఉన్నాను గదా నీ వీడియోలో. ఈ వారం రంగు తిరిగినాది, ఈ వారం తొడిమ ఎండినాది అని సెప్పుకుంతన్నాం నానూ మా అశ్విని గుంటా."

జయంత్ నోరు తెరుచుకుంది. "మీకు తెలుసా?"

"ఊరందరికీ తెలుసు బాబూ. సున్నం బొట్టు సీమలకా?" ముసలామె పొట్ట పట్టుకుని నవ్వింది. గోడ అవతల కూడా ఎవరో నవ్వారు. జయంత్‌కి భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు అశ్వినితో, చిన్న గొంతుతో.

"వీడియో సూసినప్పుడే. ఆ బొట్టు నేను పెట్టిందే కదా. ఆరోజు మీ బుట్ట కిందనుంచి తొడిమ బయటికే ఉంది. ఆకుపచ్చ దారంతో."

"మరి అప్పుడే అడగొచ్చు కదా!"

"అడిగితే కాయ వచ్చేది." చేతికంటిన మట్టి దులుపుకుంటూ, చూపు పక్కకి తిప్పుకుని అంది. "మీరు రాకపోదురు."

జయంత్ ఒక అడుగు ముందుకి వేశాడు.

"ఒకవేళ నేను రాకపోతే?"

"మృగశిర దాటితే నేనే వచ్చి బుట్ట తన్నేసి, కాయట్టుకుని, నంబరు తీసీద్దును." కళ్లలో నీళ్లు తిరిగాయి ఆమెకి. "రోజూ అనుకునేదాన్ని, ఈరోజు సెప్తాడు, ఈరోజు సెప్తాడని. ఎంత ఆలస్యం చేసేవో తెలుసా?"

"తప్పయిపోయింది అశ్వినీ. నువ్వంటే ఇష్టం. అందుకే భయపడ్డాను. నీ ముందు తక్కువవుతానని."

"అయ్యావు" అంది ఆమె. "ఈరోజు లెగిసావు."

ఎర్రమ్మ కత్తితో బుర్రని పగలగొట్టింది. గింజలు చేటలో రాలాయి. ఒక గింజ తీసి జయంత్ అరచేతిలో పెట్టింది. "మొనేపు కిందకి ఎట్టి గుచ్చు. నువ్వు ఎండగట్టిన ఇత్తనం, నువ్వే ఎయ్యి." గింజ మీద మట్టి కప్పేసరికి పెద్ద చినుకు ఒకటి సరిగ్గా అతని ముక్కుమీద పడింది. తరవాత దబదబా వాన. ముగ్గురూ చూరు కిందకి పరుగెత్తారు. చూరు చిన్నది, ముసలామె మధ్యలో కూర్చోలేదు.

అశ్విని నాయినమ్మ సున్నపుకాయ మూత తీసి, వేలికొసకి కొంచెం రాసుకుని, అతని చొక్కా జేబుమీద ఒక బొట్టు పెట్టింది. గుండె ఉన్న వైపు. జయంత్ చెవులు మళ్లీ వేడెక్కాయి, ఈసారి వేరే సిగ్గుతో.

సాయంకాలం టెక్కలిలో ఇంటి గుమ్మం దగ్గరే వసంతలక్ష్మి ఆపేసింది.

"ఇస్త్రీ చొక్కామీద ఆ సున్నం ఏమిట్రా?"

"చీమలు రా..." అనబోయి ఆగాడు. అమ్మ మొహంలోకి చూశాడు.

"నన్నింకెవరూ కొయ్యకుండా పెట్టిందమ్మా."

పొద్దుటి వీడియో ఆవిడా చూసింది. బొట్టుకేసి, తడిసిన జుట్టుకేసి, కొడుకు మొహంకేసి చూసి, "జీడిపప్పు తెచ్చిన పిల్లేనా?" అంది.

"ఆ."

"అయితే ఆ చొక్కా ఉతక్కు. ఆదివారం నేనూ వస్తాను, వాళ్ల పెరడు చూడాలి."