లీవియో నవలలో కదిలే గుర్తు

ఇటలీలోని తూరిన్ నగరం మీద పొగమంచు దిగిన ఒక మధ్యాహ్నం ఒట్టావియో బెస్సోనె డిటెక్టివ్ వల్లౌరి ఆఫీసుకు వచ్చాడు. టోపీ తియ్యలేదు. లావుపాటి నవల ఒకటి గుండెకు ఆనించుకుని కూర్చున్నాడు.

"ఇది మా అబ్బాయి లీవియోది. పోయిన చలికాలం వాడు పోయాడు. వాడు సగం చదివి వదిలేసిన పుస్తకం, మిగతాది నేను చదువుతున్నాను. నిండా రహస్య సంఘాలూ, సొరంగాలూ, లాటిన్ మంత్రాలూ! ప్రెస్సులో ముసలివాణ్ణయ్యేదాకా అక్షరాలు కూర్చినవాణ్ణి, నాకే ఊపిరాడదు."

"మరి భయం దేనికి?"

"నేను పేకాటకి వెళ్ళొచ్చేసరికి పేజీ గుర్తు మారిపోతోంది. ఒకరోజు ముందుకి, ఒకరోజు వెనక్కి. తాళం వేసింది వేసినట్టే ఉంటుంది. డబ్బు ముట్టుకోరు." గొంతు తగ్గించాడు. "మా అన్నయ్యకి మతి తప్పడం ఇలాగే మొదలైందయ్యా. ఎవరైనా వస్తున్నారా, నా బుర్రే పోతోందా? ఏదో ఒకటి చెప్పండి."

గుర్తుగా పెట్టిన కాగితాన్ని ఆయన అరచేత్తో కప్పాడు. వల్లౌరి మెల్లగా తీసుకున్నాడు. అంత్యక్రియలప్పుడు చర్చిలో పంచే స్మారక కార్డు అది. ఫోటోలో కుర్రవాడి ముఖం అరిగి తెల్లబడింది. అంచున మైనపు చుక్క.

"మీరు చర్చికి వెళ్తారా?"

"నేనా? పాత కమ్యూనిస్టుని. మా ఆవిడ తెచ్చుకున్న కార్డులన్నీ పొయ్యిలో పడేశాను."

"మరి ఇది?"

ఆయన కార్డు కోసం చెయ్యి చాచాడు.

వల్లౌరి సహాయకురాలు తుల్లియాకు బెస్సోనె పక్కింటి పౌతాస్సో మీద అనుమానం. మారుతాళం ఆయన దగ్గరే ఉంది. "వేలికి ఏదో సంఘం ఉంగరం కూడా ఉంది సార్!"

"బంతులాట క్లబ్బుదమ్మా అది," అన్నాడు వల్లౌరి.

మర్నాడు అందరూ బెస్సోనె వంటింట్లో కూర్చున్నారు. భార్య దెల్ఫీనా కాఫీ పోస్తోంది.

"అమ్మా, మీరీ నవల చదివారా?"

"నేనా! ఒక పేరా చూశాను. ముగ్గురు పోప్‌లు అడ్డమొచ్చారు, మూసేశాను."

"పిల్లికి తిండి పెట్టమని తాళం ఇచ్చారు గానీ, నేను ఏ సంఘంవాణ్ణీ కాదు!" అన్నాడు పౌతాస్సో.

"కాదు," అన్నాడు వల్లౌరి. "కావాలని ఏడిపించేవాడు గుర్తును ఒకే దిక్కుకి జరుపుతాడు. దీన్ని పెట్టినవాళ్ళు పేజీ చూడలేదు. వాళ్ళకి కావలసింది పుస్తకం కాదు, కార్డు. మైనం చర్చి కొవ్వొత్తిది. ముఖం అరిగింది ముద్దులు పెట్టిన పెదవుల వల్ల."

దెల్ఫీనా కాఫీ గిన్నె కింద పెట్టింది.

"అన్నీ కాల్చేశావనుకున్నాను," అంది భర్తతో. "పుస్తకం దులుపుతుంటే కార్డులో వాడు కింద పడ్డాడు. అడిగితే ఇదీ లాక్కుంటావని... వాణ్ణి చర్చికి తీసుకెళ్ళి, తీసుకొచ్చి, మళ్ళీ అందులో పెట్టేదాన్ని. ఏ పేజీయో నాకేం తెలుసు?"

"ఒక్కటి దాచుకున్నాను," అన్నాడు బెస్సోనె. "తెలిస్తే నవ్వుతావని చెప్పలేదు."

"నవ్వుతానా, ఒట్టావియో?"

వల్లౌరి లేచాడు. "మీ మతికేమీ కాలేదు, బెస్సోనె గారూ."

ముసలాయన విన్నట్టు లేదు. భార్యనే చూస్తున్నాడు.

"ఏ వేళకి వెళ్తావు?"

"నువ్వు పేక కలిపే వేళకే."

"రేపు నేనూ వస్తాను. లోపలికి రాను. మెట్ల దగ్గర నిలబడతాను."

"చలేస్తుంది."

"వెయ్యనీ."