ఫోటోలో లేని గీత

"పాస్‌పోర్ట్ సైజా, స్టాంప్ సైజా?" కంప్యూటర్ మీంచి తల తిప్పకుండానే అడిగాడు స్టూడియో కుర్రాడు.

"ఎంత పెద్దగా వస్తే అంత."

అప్పుడు తిప్పాడు తల. వానలో సగం తడిసిన అమ్మాయి, చేతుల్లో పాత పేపర్లు చుట్టిన పొట్లం. తను తడిసింది కానీ పొట్లం మీద చుక్క పడనివ్వలేదు.

"ఆ స్టూల్ మీద కూర్చోండి. గడ్డం కొంచెం దించాలి. రెండు చెవులూ కనిపించాలి, అది రూల్."

ఆ అమ్మాయి కూర్చోలేదు. పేపర్లు విప్పి, లోపలున్నదాన్ని స్టూల్ మీద పెట్టింది. కీ ఇచ్చే పాతకాలం టేబుల్ గడియారం. గుండ్రటి ముఖం, నెత్తిన రెండు గంటలు.

"కనిపిస్తున్నాయా రెండు చెవులూ?" అంది.

అతను గడియారాన్నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. నోటికొచ్చిన మాట అంత గొప్పగా లేదు. "కళ్ళు మూసుకోవద్దని చెప్పండి దానికి."

"ఇది మూసుకోదండీ. మూసుకున్నవాళ్ళ కళ్ళు తెరిపిస్తుంది. అలారం."

ఆ నిమిషం నుంచి అతని మనసులో ఆ అమ్మాయి పేరు అలారం. అలారం అతనికి పెట్టుకున్న పేరు ‘ఫోటో’. ఇద్దరూ ఆ సంగతి చాలాకాలం బయటపెట్టలేదు.

"దీన్ని ఆన్‌లైన్ వేలంలో పెడుతున్నా. మొదటిసారి. ఫోటో బాగుండాలి" అంది.

"వేలమా? అంటే ఒకటోసారి, రెండోసారి అని సుత్తి కొడతారే, అదా?"

"ప్రస్తుతానికి సుత్తి కొడుతున్నది మీరే."

ఫోటో నోరు మూసుకుని లైట్లు వేశాడు.

పక్క వీధిలో అలారం వాళ్ళ నాన్నకి గడియారాల దుకాణం ఉంది. ఇప్పుడక్కడికి వచ్చేవాళ్ళంతా బ్యాటరీ కోసమో, తెగిన స్ట్రాప్ కోసమో వస్తారు. కీ ఇచ్చే గడియారాలంటే ఆయనకి ప్రాణం. పాత సామాన్లలో ఎక్కడ కనిపించినా కొనుక్కొచ్చి, బాగుచేసి, కొనేవాళ్ళు లేక అల్మారా నిండా పేర్చుకున్నాడు. ఇక ఓపిక లేదు, అన్నీ తూకానికి ఇచ్చేసి దుకాణం మూసేస్తానన్నాడు. ఒక్క అవకాశం ఇమ్మని కూతురు అడ్డం పడింది. ఆ దుకాణంలో బల్ల కింద ఆడుకుంటూ పెరిగిన పిల్ల, బల్ల మీద పని నేర్చుకున్న పిల్ల. ఆ గడియారాలని తూకానికి ఇవ్వడమంటే ఆమెకి వాళ్ళ నాన్ననే తక్కెట్లో పెట్టినట్టుంది.

"చెవికి ఆనించి వినకుండా గడియారం ఎవరు కొంటారే?" అన్నాడు నాన్న. ఆయన దృష్టిలో గడియారం చూసే వస్తువు కాదు, వినే వస్తువు. బాగుచేసిన ప్రతిదాన్నీ చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని విని, చివరికి "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" పడితేనే అది అల్మారా ఎక్కేది.

అసలు గొడవ ధర దగ్గరొచ్చింది.

"ఒక టీ ధర దగ్గర మొదలుపెడదాం నాన్నా."

"నా పనికి టీ ధరా! అందులో బిస్కెట్ కూడా రాదే!"

"అక్కడ మొదలవుతుంది, అక్కడ ఆగదు. ముందే ఎక్కువ చెబితే ఎవరూ గుమ్మం ఎక్కరు. తక్కువంటే సరదాకి ఇద్దరొస్తారు. ఆ ఇద్దరికీ పంతం వచ్చిందనుకో, ధర దానంతటదే పెరుగుతుంది."

"పంతాల సంగతి నీకొకరు నేర్పాలా" అని గొణిగి ఒప్పుకున్నాడాయన.

ఇటు స్టూడియోలో ఫోటో తన పనితనం చూపించాడు. ఆ స్టూడియో బోర్డు మీద ‘మచ్చలేని ముఖం మా ప్రత్యేకత’ అని ఉంటుంది. మొటిమలైనా, కళ్ళ కింద నలుపైనా, అడక్కుండానే తుడిచేయడం అతనికి చేతి అలవాటు. గడియారం ముఖం మీద నాలుగుకీ అయిదుకీ మధ్య సన్నటి గీత కనిపించింది. మౌస్ ఒక్కసారి అటూ ఇటూ కదిపాడు, గీత పోయింది. వేరే ఏ ముఖాన్నీ అతను అంత ప్రేమగా తుడవలేదు.

వేలం వారం రోజులు నడిచింది. మూడు రోజులు ఎవరూ పలకలేదు. నాలుగో రోజు ఒకాయన టీ ధర పాడాడు. ఇంకొకరు రెండు టీలన్నారు. చివరి సాయంత్రం నాన్న కూతురి ఫోన్ వైపు చూడనట్టు నటిస్తూ, పట్టుకున్న స్క్రూడ్రైవర్ కోసమే బల్లంతా వెతికాడు. నెలంతా బ్యాటరీలు మార్చినా రానంత ధర దగ్గర పాట ఆగింది.

మర్నాడు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని దుకాణం తెరిచాడు. ఎవరైనా అడిగితే చెబుదామని గుమ్మంలోనే నిలబడ్డాడు. ఎవరూ అడగలేదు. అయినా అందరికీ చెప్పాడు.

ఆ ఇస్త్రీ పూర్తిగా నలగకముందే, గడియారం కొన్నాయనకి చేరిన రోజున, కథ అడ్డం తిరిగింది.

స్టూడియో తలుపు ధడాలున తెరుచుకుంది. బయట మళ్ళీ వాన.

"ఆ గీత ఏది?"

"ఏ గీతండీ?"

"డయల్ మీద గీత. నాలుగుకీ అయిదుకీ మధ్య."

"అదా!" ఫోటో ముఖం వెలిగిపోయింది. "భలే కనిపెట్టారే! నేను తీస్తే ఎవరూ కనిపెట్టలేరు."

"కొన్నాయన కనిపెట్టాడు."

ఫోన్ అతని ముందు పెట్టింది. ఒక్క స్టార్. కింద రెండు ముక్కలు: ‘ఫోటోలో లేని గీత వస్తువు మీద ఉంది. మోసం.’

వెలిగిన ముఖం ఆరిపోయింది. "మరి... పెట్టేముందు మీరు చూసుకోలేదా?"

"చూశాను. గీత కనిపించింది." ఫోన్ ఎత్తి చూపించింది. స్క్రీన్ ఈ మూల నుంచి ఆ మూలకి పగిలి ఉంది. "ఇదిగో, ఈ గీత! డయల్ మీదదే అనుకున్నా."

అతనికి నవ్వొచ్చింది. ఆమె ముఖం చూసి మింగేశాడు.

"డబ్బు వెనక్కి పంపించెయ్యమన్నారు నాన్న. గడియారం కూడా ఆయన్నే ఉంచుకోమన్నారు. ఇన్నేళ్ళలో మా నాన్నని ఆ మాట ఎవరూ అనలేదండీ. శనివారం పాత ఇనుము కొనే ఆయన్ని రమ్మని ఫోన్ చేసేశారు." తడిసిన జుట్టు కోపంగా వెనక్కి తోసుకుంది. కుడి కనుబొమ మీద సన్నటి తెల్లని గీత బయటపడింది. దాన్ని తుడిచేయాలని మాత్రం అతనికి తోచలేదు.

స్టూడియోకి తాళం వేసి ఆమె వెనకే నడిచాడు. గొడుగు ఉంది, తెరవడం మర్చిపోయాడు.

"అంకుల్, ఆ మోసం మీది కాదు, నాది. కావాలని కాదు, ముచ్చటపడి చేశాను."

"ముచ్చటపడి ముంచావన్నమాట" అన్నాడు నాన్న, కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండానే.

"ముంచాను. ఇంకొక్కటి ఇవ్వండి. ఈసారి దానిమీద ఏముందో అదే తీస్తాను. శనివారం మధ్యాహ్నానికల్లా తేలిపోయేలా పెడదాం."

నాన్న మళ్ళీ పని మీదికి వంగాడు. అలారం స్టూలెక్కి పై అర లోంచి ఒకదాన్ని దించింది. ఒక చెవి సొట్ట, పెయింట్ పెచ్చులు, ముఖమంతా గీతలు.

"అదెందుకే?" నాన్న కంగారుగా లేచాడు. "అది నువ్వు బాగుచేసిన మొదటిది కదా!"

"అందుకే." కనుబొమ తాకి చూపించింది ఫోటోకి. "దీని స్ప్రింగ్ తెగి తగిలింది. కట్టు కట్టించుకుని వచ్చి మళ్ళీ దీని ముందే కూర్చున్నా. నడిచేదాకా లేవలేదు. ఇంతకన్నా మంచిది మా దగ్గర లేదు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో ఉన్న గర్వానికి ఏ లైటూ అక్కర్లేదు. ఫోటో అక్కడికక్కడే పడిపోయాడు. లేవడానికి ప్రయత్నం కూడా చేయలేదు.

ఆ మధ్యాహ్నమంతా దుకాణంలోనే ఫోటోలు తీశాడు. ఎదురు లైటులో గీతలు దాక్కుంటాయి, పక్క నుంచి వేస్తే బయటికొస్తాయి. ఒక్కో గీతకీ ఒక్కో ఫోటో తీశాడు.

"ఈ సొట్ట భలే అందంగా ఉందండీ" అన్నాడు.

"మెల్లగా పొగడండి, దిష్టి తగులుతుంది."

"సొట్టకా?"

"కెమెరాలోంచి చూడండి. నన్ను కాదు."

వివరాలు ఆమె రాసింది: ‘ఎడమ గంట సొట్ట. గీతలు చాలా ఉన్నాయి, ఫోటోలు చూడండి. రోజుకి రెండు నిమిషాలు వెనకబడుతుంది, పొద్దున్నే ముల్లు కాస్త ముందుకు జరిపితే సర్దుకుంటుంది. అలారం మోగితే పక్కింటివాళ్ళు కూడా లేస్తారు.’ మొదలు మళ్ళీ ఒక టీ. ఈసారి నాన్న బిస్కెట్ సంగతి ఎత్తలేదు.

శనివారం పాత ఇనుము కొనే ఆయన గోనెసంచులతో, తక్కెడతో దిగాడు.

"ఒక్క గంట ఆగండి, పాట నడుస్తోంది" అంది అలారం.

"పాటా? ఏ సినిమాదమ్మా?" అంటూ గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు. పది నిమిషాల తర్వాత లేచొచ్చి ఆమె భుజం మీంచి తొంగిచూశాడు. ఇంకాసేపటికి అందరికన్నా గట్టిగా అరుస్తున్నది ఆయనే. "పెంచాడు! మళ్ళీ పెంచాడు! అయ్యబాబోయ్, ఈ సొట్టకా!"

పాట ఆగేసరికి మొదటి గడియారం ధర ఎప్పుడో దాటిపోయింది. గెలిచినాయన పేరు అలారం రెండుసార్లు చదివింది. ఒక్క స్టార్ ఇచ్చినాయనే.

గడియారం చేరాక ఆయన రాసింది నాన్న పైకి చదివాడు. ‘గీతలు లెక్కపెట్టుకున్నాను. ఫోటోల్లో ఉన్నవన్నీ వచ్చాయి, ఒక్కటీ తగ్గలేదు. డబ్బు, వస్తువు రెండూ వదులుకున్న మనుషుల దగ్గర మళ్ళీ కొనాలనిపించింది.’ అయిదు స్టార్లు. పాత గడియారం కింద ‘మోసం’ అన్న మాట కూడా ఆయనే తీసేశాడు. నాన్న మళ్ళీ చదివాడు, ఈసారి రోడ్డు మీదికి వినపడేలా. కూతురి తల మీద చెయ్యి వేశాడు. ఫోన్‌నే చెవికి ఆనించుకుని "ఊఁ" అన్నాడు.

వానలు తగ్గేలోపు అల్మారాలో రెండు అరలు ఖాళీ అయ్యాయి. ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయింది. ఫోటో స్టూడియోలో కన్నా దుకాణంలో ఎక్కువ కనిపిస్తున్నాడు. అన్నీ తీస్తున్నాడు కానీ అసలు మాట మాత్రం నోట్లోంచి తీయడం లేదు.

ఒకరోజు అలారం మేనత్త ఆమెని స్టూడియోకి లాక్కొచ్చింది.

"సంబంధం వాళ్ళకి పంపాలి బాబూ, మంచి ఫోటో తియ్యి. ఆ కనుబొమ మీద గీత మాత్రం కనపడకూడదు."

అలారం స్టూల్ మీద కూర్చుంది. అదే స్టూల్. అతనికేసే చూస్తోంది. ఫోటో తీశాడు. స్క్రీన్ మీద పెద్దది చేశాడు. చెయ్యి మౌస్ మీదికి వెళ్ళి, అక్కడే ఆగింది.

"ఆ గీత తీయనండీ" అన్నాడు.

"ఏం? బయట బోర్డు మీద అంత పెద్ద అక్షరాలతో రాసుకున్నావుగా!"

ఫోటో బయటికెళ్ళాడు. బోర్డు ఊడదీసి లోపలికి తెచ్చి గోడవైపు తిప్పి పెట్టాడు. "తను బాగుచేసిన మొదటి గడియారం అమ్మేసుకుంది. దానికి గుర్తుగా మిగిలింది ఆ గీత ఒక్కటే. అది తుడిచేస్తే ఈ ఫోటోలో ఉండేది వేరే ఎవరో."

"గీతతో పంపిస్తే ఎవరొప్పుకుంటారయ్యా?"

"నేను."

అలారం మెల్లగా లేచింది. అతని చొక్కా పట్టుకుని స్టూల్ మీద కూర్చోబెట్టింది. కెమెరా వెనక్కి వెళ్ళింది.

"అత్తా, రాసుకో. ఎడమ చెవి కుడిదానికన్నా పెద్దది. నవ్వితే పన్ను మీద పన్ను. అడక్కుండా పన్లు చేస్తాడు, అడగాల్సిన మాట అడగడానికి నెలలు పడుతుంది. గొడుగు ఉన్నా తడుస్తాడు."

"ఇన్ని లోపాలా! మరెందుకే?" అంది మేనత్త.

"దాచినవి ఏమీ లేవు కనక." కెమెరా క్లిక్‌మనిపించింది. "కొన్నాక వెనక్కి ఇవ్వను."

"నన్ను టీ ధరకే ఇచ్చేస్తాను" అన్నాడతను.

"ఎవరయ్యా అక్కడ నా కూతురితో బేరాలాడేది?"

గుమ్మంలో నాన్న. చెల్లెల్ని తీసుకెళ్దామని వచ్చి ఎంతసేపైందో, గొడుగు కింద మడుగు కట్టింది. స్క్రీన్ మీద ఫోటో చూశాడు, గీతతో సహా నవ్వుతున్న కూతుర్ని. ఆయన ఛాతీ ఇంతెత్తు పొంగింది.

ఫోటో స్టూల్ మీంచి లేవబోయాడు. "అంకుల్, అది... మావయ్యగారూ..."

"కదలకు" అన్నాడు నాన్న. గొడుగు పక్కన పెట్టి, దగ్గరికొచ్చి, వంగి, చెవి ఆ కుర్రాడి గుండెకి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు.

"కాస్త ఫాస్ట్‌గా కొట్టుకుంటోంది" అన్నాడు లేచి. "పర్లేదు, మా అమ్మాయి సరిచేసుకుంటుంది."

ఆ తర్వాత, "ఊఁ" అన్నాడు.