ఆఖరి గరిటె

ఇడ్లీలు పొగలు కక్కుతున్నాయి. లూర్దు మేరీ కంచం తెచ్చి భర్త ముందు పెట్టింది. సత్యరాజుగారు దాన్ని మెల్లగా కూతురు సుజి వైపు జరిపారు.

"మీరు తినేయండి. అందరిదీ అయ్యాక నేను తింటాను."

"ఇంట్లో ఉన్నదే ముగ్గురం! అందరూ అంటే ఎవరండీ?" మేరీ పచ్చడి గిన్నె ఠంగుమని పెట్టింది. "రిటైరై నాలుగు నెలలయింది. ఇదీ జైలనుకుంటన్నారా ఏటి?"

సత్యరాజుగారు నాలుక్కరుచుకున్నారు. డిప్యూటీ జైలరుగా చేరి, ముప్పై మూడేళ్ళ తర్వాత సూపరింటెండెంటుగా దిగిన మనిషి. ఒంటి మీద యూనిఫాం పోయినా అలవాట్లు మాత్రం అనకాపల్లి దాకా వెంట వచ్చేశాయి.

నిజానికి ఆ పూట ఇంట్లో సెగ ఇడ్లీలది కాదు. జైళ్ళ సంస్కరణకు వేసిన కమిటీ హైదరాబాదు నుంచి ఉత్తరం రాసింది. రాష్ట్రంలోని జైళ్ళన్నీ తిరిగి, ఏవి ఎలా మార్చాలో చెప్పడానికి ఏడాదిపాటు సలహాదారుగా రమ్మంది. వచ్చేదీ రానిదీ ఈ రోజే జవాబు రాయాలి.

"వెళ్ళమంటావా?" నెమ్మదిగా అడిగారాయన.

"పెళ్ళయిన మర్నాడు కూడా మధ్యాన్నం జైలు కూడే తిన్నారు. నేను వండుకుని, ఎదురుసూసి, సల్లారిన అన్నం ఒక్కదాన్నే తిన్నాను. రిటైరయ్యేక రోజూ ఇంట్లోనే తింటానని మాటిచ్చేరా, లేదా? ఆ ఖైదీల పాటి సెయ్యనా నేను?"

వందలమంది ఖైదీలను ఒక్క కేక వేయకుండా నడిపిన మనిషి భార్య కంటతడికి లొంగిపోయారు. లోపలికెళ్ళి, రాలేనని నాలుగు ముక్కలు రాసి, కవరు పట్టుకుని బయటికి నడిచారు.

ఆయన వీధి మలుపు తిరిగారో లేదో ఫోను మోగింది. మేరీ ఎత్తింది.

"కమిటీ కార్యదర్శి శ్యామలాదేవినండీ. సత్యరాజుగారున్నారా? ఆయన పనిచేసిన ఓ జైల్లో భోజనాల దగ్గర కొట్లాటలు పూర్తిగా ఆగిపోయాయట. ఎలాగో అడుగుదామని."

"ఆయన లేరు. అయినా అదేం బ్రహ్మవిద్య కాదమ్మా," విసుగ్గానే మొదలుపెట్టింది మేరీ. "రోజూ ఒకే బ్యారక్ ముందు తినేది. సివర్న ఉన్నోళ్ళకి సాంబార్లో నీళ్ళే మిగిలేవి. కడుపు మండి కొట్టుకునేవారు. ఈయన రోజుకో బ్యారక్‌ని ముందుకి పిలిసేరు. పప్పు తూసినప్పుడు దొంగతూకం లేకుండా ఖైదీల్లోంచే ఇద్దర్ని పక్కన నిలబెట్టేరు."

"అధికారులు రుచి చూడాలని రూలు అన్నిచోట్లా ఉందిగా?"

"సూత్తారు, మొదటి గరిటె. అదెప్పుడూ సిక్కగానే ఉంటాది. మా ఆయన ఆఖరి గరిటె తినేవారమ్మా. నాలుగొందల మందీ తిన్నాక, ఏ మూడు గంటలకో, గంగాళం అడుగున మిగిలింది. పెద్దాయన అదే తింటారని వంటోళ్ళు అడుగుదాకా పప్పు సిక్కగా ఉంచేవారు. ముప్పై మూడేళ్ళూ..."

ఇవన్నీ ఆమెకు తెలిసినవే. భర్త చెబుతుంటే సగం వింటూ, సగం చిరాకుపడుతూ పోగేసుకున్నవే. కానీ తన నోటితో ఇంకొకరికి చెప్పడం ఇదే మొదలు. అందరికన్నా వెనక నిలబడ్డవాడికి అన్నం దక్కాలని ఆయన ఇన్నేళ్ళూ ఆకలితో కాచుకున్నారు. అలాంటి మనిషి తన మొగుడని ఆమె గుండె ఉప్పొంగిపోయింది. కళ్ళు ధారలు కట్టాయి.

"ఈ మాట మా రిపోర్టుల్లో ఎక్కడా లేదమ్మా," అంది శ్యామలాదేవి. "ఆయన వస్తారా?"

"వత్తారు. నేను సెప్తన్నాను కదా!"

ఫోను పెట్టేసి, ఉన్న చీరతోనే వీధిలోకి పరిగెత్తింది. వెనకే సుజి. సత్యరాజుగారు పోస్టు డబ్బా ముందు కవరు పట్టుకుని, వేయాలా వద్దా అని తటపటాయిస్తున్నారు. మేరీ ఆ కవరు లాక్కుని రెండు ముక్కలు చేసింది.

"మీరెళ్తన్నారు. ఫోను సేసిన కమిటీ ఆవిడికి మాటిచ్చేసేను."

"మరి నీకు నేనిచ్చిన మాట?"

బెల్లం దిమ్మల బండి ఒకటి ఆగింది. దారిన పోయేవాళ్ళు తిరిగి చూస్తున్నారు. మేరీ ఎవరినీ లక్ష్యపెట్టలేదు.

"నేనూ వత్తాను. ఆళ్ళందరూ తిన్నాక, ఆ ఆఖరి బంతిలో మీ పక్కన నాకూ ఓ కంచం పెట్టించండి. ఒక్కదాన్నే తినడం ఇంక నా వల్ల కాదు."

సత్యరాజుగారు కూతురు చూస్తోందని కూడా మరిచిపోయి, నడివీధిలో కళ్ళు తుడుచుకున్నారు.