పద్దెనిమిదో ఓటు

నాకు అనుమానం ఎక్కువ. పాలవాడు పాలు చిక్కగా పోసినా, ఎందుకు పోశాడా అని ఆలోచిస్తాను. అలాంటి నాకు ఓట్లు లెక్కపెట్టే పని అప్పగించాడు చాంద్.

చాంద్‌ది బందరు. నెలకో ఆదివారం తన షాపు మేడ మీద ఓపెన్ సోర్స్ మీటప్ పెడతాడు. రాసిన ప్రోగ్రాములు దాచుకోకుండా అందరి ముందూ పెట్టి, ఒకరి తప్పులు ఒకరం సరిచూసుకుంటాం. ఏడాదైనా మా గ్రూపుకి పేరు లేదు. గుడివాడ నుంచి వచ్చేది నేనొక్కడినే. దివిసీమ నుంచి వచ్చేది వేదశ్రీ ఒక్కతే. ఆమె వచ్చిన మొదటి ఆదివారమే మా ఇద్దరికీ చెడింది.

"కృష్ణా డెల్టా ఓపెన్ సోర్స్ యూజర్స్ గ్రూప్ అని పెడదాం," అన్నాను.

"సుధన్వ గారూ, అదే ఒక్క గుక్కలో ఇంకోసారి చెప్పండి," అంది.

అందరూ నవ్వారు.

"పోనీ మీరు చెప్పండి," అన్నాను ఉక్రోషంగా.

"హంసలదీవి. అక్కడ కృష్ణ సముద్రంలో కలుస్తుంది. అవి ఏ ఊరి నీళ్ళో ఎవరూ అడగరు."

అంటూ నా వైపు చూసింది. బయట వాన మొదలైంది. ఆ చూపుకి అర్థమేమిటా అని అనుమానపడుతూ కూర్చున్నాను.

ఆన్‌లైన్‌లో ఓటింగ్ పెట్టాం. మా పాఠం ఒక్కటైనా విన్నవాళ్ళు ఎవరైనా ఓటెయ్యొచ్చు. పేరు చెప్పక్కర్లేదు. ఓటు ఏ ఊరి నుంచి, ఏ కనెక్షన్ నుంచి వచ్చిందో మాత్రం నమోదవుతుంది.

హంసలదీవికి పద్దెనిమిది పడ్డాయి. అందులో పదిహేడు దివిసీమలో ఒకే కనెక్షన్ నుంచి, ఒకే మధ్యాహ్నం. మిగిలిన ఒక్కదాని జోలికి నేను వెళ్ళలేదు.

నిజం చెప్పొద్దూ, రెండు రోజులు అన్నం సహించలేదు. అనుమానం నిజమైతే వేదశ్రీ ఇక గ్రూపులో ఉండదు. అబద్ధమైతే ఆమెకి నా మొహం చూపించలేను. ఎటు చూసినా నష్టం నాకే. అయినా పుట్టుకతో వచ్చిన బుద్ధి ఊరుకుంటుందా? గ్రూపు పేజీలో అందరికీ కనిపించేలా రాసేశాను: "పదిహేడు ఓట్లు దొంగవని అనుమానం. వేదశ్రీ గారు సంజాయిషీ ఇవ్వాలి."

పది నిమిషాల్లో జవాబు వచ్చింది. "అనుమానం బయట పెట్టారు. ఆధారం కూడా బయట పెట్టండి. ఆదివారం హంసలదీవి రండి, సంజాయిషీ ఇస్తాను."

ఏదీ దాచకూడదన్నది మావాళ్ళకి ఉన్న జబ్బు. ఓట్ల లిస్టు మొత్తం, ఒక్క వరస కూడా తీయకుండా, పేజీలో పెట్టేసి బస్సెక్కాను.

అవనిగడ్డలో దిగి, కోడూరు మీదుగా ఆటోలో వెళ్ళాను. తుఫాను షెల్టర్ మేడ మీద నాలుగు పాత కంప్యూటర్ల చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. లెక్కపెట్టాను. పదహారు మంది. వేదశ్రీతో కలిపి పదిహేడు.

"బందరులో విన్నదంతా వీళ్ళకి చెప్తున్నాను. వీళ్ళదీ మన గ్రూపే," అంది వేదశ్రీ, కిటికీలో పెట్టిన ఫోను చూపిస్తూ. "సిగ్నల్ అందేది ఇక్కడే. అందరం ఈ ఒక్క ఫోను నెట్‌తోనే ఓటేశాం."

ముందు కూర్చున్న సత్యవతమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "మా ఓటు దొంగదన్నది నువ్వేనా? మా వేలితో మేం నొక్కామయ్యా. ఇంకోళ్ళ వేలు అరువు తెచ్చుకోలేదు."

వాన పట్టుకుంది. పదహారు మందీ నన్నే అనుమానంగా చూస్తున్నారు. ఆ చూపు ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

"తప్పయిపోయిందండీ," అన్నాను వేదశ్రీతో. "ఇప్పుడే ఆ పోస్టు తీసేస్తాను."

"తీయొద్దు. అది అలాగే ఉండాలి. తప్పని దాని కిందే రాయండి. మనం పని చేసేది అలాగే కదా."

అక్కడే కూర్చుని రాశాను. చదివింది. కోపం తగ్గినట్టు లేదు.

"ఇప్పుడు నాకో అనుమానం," అంది. "మావి పదిహేడు. పద్దెనిమిదోది గుడివాడ నుంచి పడింది."

లిస్టు పెట్టింది నేనే.

"గుడివాడ నుంచి వచ్చేది మీరొక్కరే. మీరు చెప్పిన పేరుకి మీరే ఓటెయ్యలేదేమండీ?"

"మీరు చెప్పిన పేరు నచ్చింది."

"పేరేనా?"

"మీరు కూడా. మొదటి ఆదివారం నుంచీ."

"ఏమంటున్నాడే?" అంది సత్యవతమ్మ.

"సంజాయిషీ ఇస్తున్నారు పెద్దమ్మా," అంది వేదశ్రీ నవ్వాపుకుంటూ. తర్వాత నా వైపు తిరిగింది. "అదీ రాయండి. పేజీలోనే, అందరికీ కనిపించేలా."

రాశాను. దాని కింద ఆమె జవాబు ఇప్పటికీ ఉంది: "సరిచూశాను. అనుమానం లేదు."