సెన్సర్‌లో లోపం లేదు

ఫ్లైఓవర్ మొదట్లో సిమెంటు లారీ అడ్డం తిరిగింది. వెనక వస్తున్న బూడిదరంగు కారు బ్రేకు వేసేలోపే రెండు వైపుల నుంచీ కాల్పులు మొదలయ్యాయి. పదకొండు సెకన్లు. తర్వాత కారు తగలబడింది. లోపలున్న ఇద్దరిలో ఒకడు విదేశీ ముఠాకి దొంగ పాస్‌పోర్టులు అచ్చువేసి, చివరికి సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకున్న ప్రింటరు. రెండోవాడు గూఢచారి బ్యూరో డ్రైవరు.

ఆ డ్రైవరు ఏజెంట్ స్పానర్‌కి బావమరిది.

స్పానర్ అన్నది బ్యూరో పెట్టిన పేరు. ఉద్యోగంలో చేరకముందు అతను తొమ్మిదేళ్లు కార్ల మెకానిక్. మారువేషం వేయాల్సి వచ్చినప్పుడల్లా మెకానిక్ వేషమే అడిగేవాడు. అందులో అతను నటించాల్సిందేమీ ఉండేది కాదు.

ఆ రోజు పొద్దున బావమరిది ఫోన్ చేశాడు. స్పానర్ అప్పుడు గడ్డం గీసుకుంటున్నాడు.

"బావా, బోర్డు మీద ఇంజిన్ లైటు వెలుగుతోంది. వేరే బండి తీసుకోనా?"

"బండి లాగుతోందా?"

"లాగుతోంది."

"అయితే ఆక్సిజన్ సెన్సర్ అయ్యుంటుంది. ఏం కాదు, నడుపు."

ఇది జరిగి పదహారు రోజులైంది. ఈ ఫోన్ సంగతి స్పానర్ ఎవరికీ చెప్పలేదు. భార్యకి అసలే చెప్పలేదు. అంత్యక్రియల్లో ఏడవలేదు. తినమంటే తిన్నాడు, పడుకోమంటే పడుకున్నాడు. పన్ను పీకే ముందు ఇంజెక్షన్ ఇచ్చిన దవడలా ఒళ్లంతా తిమ్మిరిగా ఉంది. గిల్లినా తెలియడం లేదు.

పదిహేడో రోజు ఉదయం తొమ్మిదింటికి పెద్దాయన, అంటే బ్యూరో చీఫ్, పిలిపించాడు. బ్రీఫింగ్ రెండు నిమిషాలు. ముఠాలోని ఏడుగురికి పాస్‌పోర్టు ఫోటోలు తీసిన స్టూడియో ఆవిడ బతికే ఉంది. ఏడు మొహాలూ ఆవిడకి గుర్తున్నాయి. పదకొండింటికి జడ్జి ముందు వాంగ్మూలం ఇవ్వాలి. ఆవిడకి కోడ్ వర్డ్ 'గొడుగు'. రెండు కార్లు సిద్ధంగా ఉన్నాయి. ఏ కారులో పంపేదీ ఆఖరి నిమిషంలో పెద్దాయనే తేలుస్తాడు. ముత్యం తోడు వెళ్తుంది.

ముత్యం డబుల్ ఏజెంట్. ముఠాలో చేరి వాళ్ల కబుర్లు బ్యూరోకి తెచ్చే మనిషి. ఆమె గదిలోకి వస్తే టైపిస్టుల వేళ్లు ఆగిపోతాయని చెప్పుకునేవారు.

"నీకు ఫీల్డు డ్యూటీ లేదు," అన్నాడు పెద్దాయన. "గ్యారేజీలో రిజర్వు కారు చూసుకో. నీ మొహం చూస్తే సాక్షి భయపడుతుంది."

స్పానర్ సరేనన్నాడు. దేనికైనా సరేననడం ఈమధ్య సులువైపోయింది.

బ్యూరో గ్యారేజీ బయటికి టైర్ల దుకాణంలా కనిపిస్తుంది. హెడ్ మేస్త్రీ రిజర్వు కారు కింద నుంచి జారి బయటికొచ్చి, విసుగ్గా మొర పెట్టుకున్నాడు. నిన్న సాయంత్రం నుంచి ఇంజిన్ లైటు వెలుగుతోందట. స్కానర్ పెడితే ఆక్సిజన్ సెన్సర్ హీటర్ సర్క్యూట్ అని కోడ్ వచ్చిందట. పొద్దున్నే కొత్త సెన్సర్ బిగించినా లైటు మళ్లీ వచ్చిందట.

స్పానర్ ఆ పసుపు లైటు వైపు కాసేపు చూశాడు. గుండె ఝల్లుమనాలి. అనలేదు. చేతులు మాత్రం టూల్ బాక్స్ వైపు వెళ్లాయి.

"పాత సెన్సర్ ఏది?"

మేస్త్రీ తెచ్చిచ్చాడు. సైలెన్సర్ పైపులో కూర్చుని, పొగలో ఆక్సిజన్ ఎంతుందో ఇంజిన్ కంప్యూటర్‌కి చెప్పే వేలెడంత పరికరం అది. వేడెక్కితే గాని నిజం చెప్పదు. అందుకే దాని లోపల చిన్న హీటర్ ఉంటుంది. స్పానర్ మీటర్ పెట్టి కొలిచాడు. హీటర్ బాగానే ఉంది. అంటే తప్పు సెన్సర్‌ది కాదు, దానికి కరెంటు తెచ్చే దారిది.

ఫ్యూజు చూశాడు, బాగుంది. కనెక్టర్ ఊడదీసి, తాళం తిప్పించి వోల్టేజి చూశాడు. పన్నెండు.

"వస్తోంది కదా," అన్నాడు మేస్త్రీ.

"ఖాళీ చేతులతో అందరూ పహిల్వాన్లే. బరువు పెట్టి చూద్దాం."

ఆ వైర్లకి ఒక హెడ్‌లైట్ బల్బు తగిలించాడు. అది దీపం కొడిగట్టినట్టు వెలిగింది. మీటర్ పన్నెండు నుంచి ఏడుకి పడిపోయింది. మధ్యలో ఎక్కడో వైరు సన్నబడింది.

వైరు వెంట వేళ్లు పోనిస్తూ కారు కిందికి దూరాడు. ఎనిమిదేళ్ల నాటి కారు. టేపంతా దుమ్ముపట్టి రాయిలా ఉంది. గేర్ బాక్స్ పక్కన మాత్రం జానెడు టేపు మెత్తగా, కొత్త జిగురు వాసనతో తగిలింది. విప్పాడు. వైరు పైతొడుగు గీరి, లోపలి రాగి పోగుల్లో సగం తెంపేసి, ఎవరో తొందరలో ఇంకో వైరు కలిపారు. ఆ వైరు చివర అగ్గిపెట్టెంత నల్ల డబ్బా. ట్రాన్స్‌మిటర్.

ఇంజిన్ నడిస్తేనే దీనికి ప్రాణం. బ్యూరో సెక్యూరిటీ ఇంజిన్ ఆపి కార్లు తనిఖీ చేస్తుంది, కాబట్టి దొరకదు. బావమరిది నడిపిన కారు కాలిపోయింది, కాబట్టి దాంట్లో ఏముందో ఎవరూ చూడలేదు.

"ఈ కార్లని ఎవరు ముట్టుకున్నారు?"

మేస్త్రీ తల గోక్కున్నాడు. నిన్న మధ్యాహ్నం ముత్యం మేడమ్ వచ్చిందట. రెండు కార్లూ తనే స్వయంగా చెక్ చేస్తానని, మేస్త్రీని టీ తాగి రమ్మందట.

రెండు కార్లూ.

స్పానర్ గోడ గడియారం చూశాడు. పదీ నలభై మూడు. పెద్దాయనకి ఫోన్ చేస్తే లైను బిజీ. కంట్రోల్ రూమ్ ఎత్తింది. గొడుగు మొదటి కారులో బయల్దేరి పన్నెండు నిమిషాలైందని చెప్పింది. జడ్జి దగ్గరికి దారి ఆ ఫ్లైఓవర్ మీదుగానే. స్పానర్ కమాండోలని అక్కడికి పంపమని చెప్పి, కారు డ్రైవరుకి ఫోన్ కలిపాడు.

"బోర్డు మీద ఇంజిన్ లైటు వెలుగుతోందా?"

"వెలుగుతోందన్నా. బండి బాగానే లాగుతోంది. ఏం కాదులే అని..."

"ఇంజిన్ ఆపెయ్."

"ఫ్లైఓవర్ వచ్చేసిందన్నా, ఎక్కేస్తున్నా. వెనక హారన్లు కొడుతున్నారు."

"కొట్టనీ. ఇప్పుడే ఆపు. తాళం తీసెయ్."

ఇంజిన్ చప్పుడు ఆగిపోవడం ఫోన్‌లో వినిపించింది. స్పానర్ గొంతులో తొందర లేదు. ముత్యం పక్కనే ఉందా అని అడిగాడు. లేదట. రెండు నిమిషాల కిందట, తలనొప్పి మాత్రలు కొనుక్కుని ఆటోలో వస్తానని సిగ్నల్ దగ్గర దిగిపోయిందట.

మొదటి సంఘటన రిపోర్టులోనూ అదే ఉంది. ఎస్కార్ట్‌గా వెళ్లిన ముత్యం మందుల షాపు దగ్గర దిగడం వల్ల బతికి బయటపడిందని. స్పానర్ ఆ రిపోర్టు పదిహేడు సార్లు చదివాడు. అదృష్టవంతురాలనుకున్నాడు.

ఎదురుగా పళ్ల డాక్టరు క్లినిక్ ఉందని డ్రైవరు చెబితే, సాక్షిని నడిపించుకెళ్లి అందులో కూర్చోబెట్టమన్నాడు. డ్రైవరు అలాగే చేశాడు. అక్కడికి రెండు వందల గజాల అవతల, అడ్డం తిరగడానికి ఇంజిన్ ఆన్‌లో పెట్టుకున్న సిమెంటు లారీలో నలుగురు కూర్చుని ఉన్నారు. తమ స్క్రీన్ మీద చుక్క ఎందుకు మాయమైందో తెలియక రిసీవర్‌ని అరచేత్తో చరుస్తున్నారు. కమాండోలు వచ్చి తలుపు తీసేసరికి ఇంకా చరుస్తూనే ఉన్నారు.

ముత్యం సిగ్నల్ దగ్గరే దొరికింది. ఆమె నిజంగానే తలనొప్పి మాత్రలు కొంది.

స్టూడియో ఆవిడ పదకొండూ ఇరవైకి జడ్జి ముందు నిలబడి ఏడు మొహాలూ వర్ణించింది. నాలుగో మనిషికి ఎడమ చెవి కాస్త కిందికి ఉంటుందనీ, అందుకే ఫోటోలో తల వంచమన్నాననీ చెప్పింది.

ముత్యాన్ని స్పానర్ ఒక్కసారే చూశాడు, అద్దం అవతలి నుంచి. కొట్టాలనిపించలేదు. ఏమీ అనిపించలేదు. అదే అతన్ని కొంచెం భయపెట్టింది.

మధ్యాహ్నం రెండింటికి ఇంటికి వెళ్లాడు. భార్య బట్టలు మడతపెడుతోంది. వాటిలో తమ్ముడి చొక్కా ఒకటుంది. స్పానర్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ పొద్దుటి ఫోన్ సంగతి మొదటి నుంచీ చెప్పాడు. గడ్డం గీసుకోవడం కూడా వదల్లేదు.

ఆమె తమ్ముడి చొక్కా తీసి మడతపెట్టింది.

"మీ తర్వాత నాకూ చేశాడు," అంది. "బావ నడపమన్నాడక్కా, అయినా మనసెందుకో పీకుతోంది అన్నాడు. బావకంటే నీకెక్కువ తెలుసా, పోరా అని కసిరాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు తట్టుకోలేరని."

అతను తల ఊపాడు. ఆమె ఆ చొక్కా మడత విప్పి అతని ఒళ్లో పెట్టింది. పదిహేడు రోజుల్లో మొదటిసారి అతనికి ఎక్కడో నొప్పి పుట్టింది. బతికున్న చోటే నొప్పి పుడుతుంది. అతను దాన్ని పుట్టనిచ్చాడు.

వారం తిరక్కుండానే, ఏజెంట్లందరూ కారు లైట్ల అర్థం నేర్చుకోవాలని పెద్దాయన ఉత్తర్వు జారీ చేశాడు. పాఠం చెప్పేది స్పానర్. దేశంలోకెల్లా చురుకైన గూఢచారులు ఇరవైమంది నోటుపుస్తకాలతో కూర్చున్నారు. సందేహాలుంటే అడగమన్నాడు స్పానర్. అందరికంటే ముందు పెద్దాయనే చెయ్యెత్తి, బానెట్ ఎటువైపు నుంచి తెరుస్తారని అడిగాడు.