దిష్టి చుక్కలో క్షిపణి

చెవిలో ఇయర్‌ఫోన్ గరగరలాడింది.

“చుక్క తొట్టెలోకి వచ్చింది” అంది చీఫ్ సత్యమ్మ.

శామీర్‌పేట ఫంక్షన్ హాల్లో ఫోటోగ్రాఫర్ వేషంలో ఉన్న ఏజెంట్ సుధాకర్ పెట్టుడు మీసం సర్దుకున్నాడు. మన క్షిపణి డ్రాయింగును విదేశీ ముఠా ఒకటి కాజేసి, ఆవగింజంత ఫిల్ములోకి కుదించింది. దాన్ని పసిపాప చెంపకు దిష్టి చుక్కలా అంటించి దేశం దాటిస్తుందట. ఎయిర్‌పోర్టులో సంచులు గాలిస్తారు, బూట్లు విప్పిస్తారు. పాప చెంప గీకి చూసే మొనగాడు ఇంకా పుట్టలేదు! అందుకే పిల్లల్ని తొట్టెలో వేసే ఈ దొంగ తొట్టెల ఫంక్షను. తొట్టెలో కవలలు. ఫిల్ము ఒక పాపకే. ఫంక్షన్ కాగానే ఒక పాప మేడ్చల్ వైపు, రెండో పాప కరీంనగర్ రోడ్డున వెళ్లిపోతారు. ఈ కబురు అందించింది స్నిగ్ధ, పట్టుచీరలో ధగధగలాడుతూ ముఠాలోనే తిరిగే మన డబుల్ ఏజెంట్.

“ఉన్నది ఒక్క జీపు. తప్పు కారు ఆపామా, డ్రాయింగూ పోతుంది, స్నిగ్ధ ప్రాణమూ పోతుంది. చుక్క ఏ పాపకుందో ఫోటో తీసి చెప్పు” అంది చీఫ్.

సరిగ్గా అప్పుడే మబ్బు కమ్మింది. కరెంటు పోయింది. సుధాకర్ ఫ్లాష్ మీద చెయ్యి వేశాడో లేదో, పాటలు పాడటానికి పిలిపించిన ముసలమ్మ కమలాబాయి తొట్టె పక్క నుంచి గర్జించింది.

“ఏయ్ ఫోటో బిడ్డా! ఫ్లాష్ కొట్టినవంటే నీ మీసం పీకుత! పిల్లలు ఉలిక్కిపడుతరు.”

మీసం మాట వినగానే సుధాకర్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. చీకట్లోనూ బొమ్మ పడేలా కెమెరా ఐఎస్‌ఓను ఎక్కినంత ఎక్కించాడు. భయానికి వేలు బటన్ మీదే బిగుసుకుపోయింది. స్టాండు మీది కెమెరా టకటకటకమని ఫోటోల మీద ఫోటోలు లాగేసింది.

ఫంక్షన్ ముగిసింది. పాపలతో కార్లు రెండూ కదిలాయి. సుధాకర్ మెట్ల మీద కూలబడి లాప్‌టాప్ తెరిచాడు. అన్నీ రా ఫైళ్లు, అంటే కెమెరా చూసిందంతా వండకుండా పచ్చిగా దాచిన ఫోటోలు. చూసి నోరెళ్లబెట్టాడు. చీకట్లో తీసిన పాపానికి పిల్లల మొహాల నిండా నల్లవి, ఎర్రవి, పచ్చవి, కెమెరా కల్పించిన ఉత్తుత్తి చుక్కలు, అదే నాయిస్! ఇన్ని చుక్కల్లో అసలు చుక్కేది?

తెర మీద నాయిస్ తీసే మీట కుడికి జరిపాడు. చుక్కలన్నీ మాయం. ఇద్దరి మొహాలూ ఒలిచిన కోడిగుడ్లలా నున్నగా తేలాయి, దిష్టి చుక్కతో సహా తుడిచిపెట్టుకుపోయి. వెనక్కి జరిపాడు. మళ్లీ ఆవాలు చల్లినట్టు చుక్కలే.

“సుధాకర్! మేడ్చల్ కారు రైల్వే గేటు దాటుతోంది!”

“కనిపించట్లేదు మేడమ్...”

“నీకు కెమెరా ఇచ్చినవాణ్ని అనాలయ్యా!”

ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు తట్టింది. వేలు బిగుసుకుపోయి తీసినవన్నీ ఒకే ఫోటో కదా! నాయిస్ చుక్క ఫోటోకో చోట దూకుతుంది. అసలు చుక్క ఉన్నచోటే ఉంటుంది. అన్నిటినీ ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీయమని లాప్‌టాప్‌కు చెప్పాడు. పని ఎంతయిందో చూపే గీత తెర మీద నత్తలా పాకుతోంది. చేతులు నలుపుకుంటూ చూడటం తప్ప చేయగలిగిందేమీ లేదు.

తేలింది. ఎడమ పాప చెంపన చుక్క. హమ్మయ్య అనుకునేలోపు, కుడి పాప చెంపనా చుక్క!

“ఇక నేనే ఆపిస్తున్నా మేడ్చల్ కారును” అంది చీఫ్.

సుధాకర్ హాల్లోకి పరుగెత్తాడు. “మామ్మగారూ! ఇద్దరికీ చుక్క ఎవరు పెట్టారండీ?”

“నేనే. ఏంది గట్ల జూస్తవ్? ఒక్క పిల్లకే పెట్టి ఇంకో పిల్లను ఇడిశిపెడుతరా ఎవలన్న? అది గుడ చుక్కనా? జిగురు జిగురు! కరెంటు పోంగనే కొంగుతోని తుడిశి, ఇద్దరికి నా కాటుక మంచిగ దిద్దిన.”

సుధాకర్ ఆమె కొంగు అందుకున్నాడు. తమలపాకు మరక పక్కన ఆవగింజంత నల్లటి మెరుపు!

“ఆపొద్దు మేడమ్! ఫిల్ము నా చేతిలోనే ఉంది, కార్లను వదిలెయ్యండి!”

మేడ్చల్‌లో జీపు అడ్డం తిరగబోయి, మూరెడు దూరంలో పక్కకు తప్పుకుంది. కారులోంచి స్నిగ్ధ, జీపు డ్రైవరుకు దారిచ్చినందుకు థాంక్స్ చెప్పి మరీ వెళ్లింది.

వారం తర్వాత విదేశం నుంచి ఆమె సంకేతం వచ్చింది. ముఠా ఇంజనీర్లు కమలాబాయి కాటుకను వెయ్యింతలు పెద్దది చేసి చూశారట. క్షిపణి మీద నాయిస్ ఎక్కువైందని, ఇప్పటికీ మీట కుడికి జరుపుతూనే ఉన్నారట.