గోడ దాటిన చిక్కుడు తీగ

“మా పందిరేదండీ?”

పెరటి గోడ అవతల స్టూలెక్కి చిక్కుడు తీగల్ని నైలాన్ తాళ్ళకు చుడుతున్న అతను ఆ మాటకు గర్వంగా నవ్వాడు. పక్కింట్లో కొత్తగా అద్దెకు దిగిన లిఫ్ట్ మెకానిక్.

“గాలికి మా వైపు కూలిపోయిందండీ. ఇవాళ సెలవే కదా అని తీగలు సర్దుతున్నా.”

“కర్రలు?”

“పుచ్చిపోయాయి. చెత్తబండిలో వేసేశా.”

కళ్ళజోళ్ళ షాపులో రోజంతా “ఈ అక్షరం కనిపిస్తోందాండీ?” అని ఓపిగ్గా అడిగే మనిషి, ఆ ఉదయం గొంతు చించుకుంది.

“అడక్కుండా ఎలా పారేస్తారు? పైగా తీగని తిరగేసి చుట్టారు! అది తనకి నచ్చిన వైపే చుట్టుకుంటుంది, మీకు నచ్చిన వైపు కాదు. సాయంత్రానికి ఊడి కింద పడకపోతే అడగండి!”

సాయంత్రానికి నిజంగానే ఊడిపోయాయి. అతను క్షమాపణ చెప్పుకుందామని వచ్చి గేటు తట్టాడు. తలుపు తీసింది ఆమె అత్తగారు.

“కోప్పడిందా? దాని తప్పు కాదు నాయనా, నీ తప్పూ కాదు. ఆ కర్రలు మా అబ్బాయి పాతినవి.”

ఆ అబ్బాయి రెండేళ్ళ కిందట బైకు మీద పనికి వెళ్ళి తిరిగి రాలేదు. పుట్టింటివాళ్ళు ఎంత పిలిచినా కోడలు కదల్లేదు. ఆ ఇంట్లో మిగిలింది ఆ ఇద్దరే.

మరుసటి ఆదివారం అతను ఇనుప గొట్టాలు మోసుకొచ్చి పెరట్లో నిలబడ్డాడు.

“ఈసారి అడిగే చేస్తున్నానండీ. ఇక్కడ తవ్వనా?”

“తవ్వండి. వేళ్ళు తెగకుండా చూడండి.”

“నావా? చిక్కుడువా?”

నవ్వకూడదనుకుంది. కానీ పెదవులు మాట వినలేదు. వంటింటి కిటికీలోంచి అత్తయ్య చూడడం కనబడగానే ముఖం తిప్పేసుకుంది.

పాదు కొత్త పందిరి నిండా అల్లుకుంది. ఊదారంగు పూత పట్టింది. పేనుబంక కమ్ముకుంటే ఇద్దరూ సబ్బునీళ్ళు కొట్టారు. సగం నీళ్ళు అతని చొక్కా మీదే పడ్డాయి.

“నాక్కూడా పేనుబంక పట్టిందాండీ?”

“ముందు జాగ్రత్త!”

ఆ రోజు ఆమె మనసారా నవ్వింది. తర్వాత గదిలోకి వెళ్ళి భర్త నవ్వు గుర్తుచేసుకోబోతే అది వెంటనే తట్టలేదు. కళ్ళు మూసుకుని వెతుక్కోవలసి వచ్చింది. దొరికేసరికి చెంపలు తడిసిపోయాయి.

ఓ సాయంత్రం కాయలు కోస్తుంటే ఉన్నట్టుండి వాన అందుకుంది. అతను చేటంత ప్లాస్టిక్ మూత ఒకటి ఆమె తలపై పట్టి, తను నిలువునా తడుస్తూ, దాచుకోలేక అనేశాడు.

“మీరంటే నాకు చాలా ఇష్టమండీ.”

ఆమె చేతిలో కాయ తొడిమ దగ్గర పుటుక్కున విరిగింది.

“ఇంకెప్పుడూ అనకండి.”

“నేనంటే ఇష్టం లేదా?”

“లేదని అబద్ధం చెప్పలేను. కానీ ఆవిడకి కొడుకు పోయాడు. నేనూ వెళ్ళిపోతే ఆ వంటింట్లో ఒక్క కంచమే మిగులుతుంది.”

“వెళ్ళిపొమ్మని నేనన్నానా?”

“ఇక్కడే ఉన్నా అంతే. ఆవిడ కళ్ళముందు నేను ఇంకొకరితో నవ్వుతూ తిరిగితే ఆ గుండె ఏమైపోతుంది? దయచేసి ఇక రాకండి.”

అతను మూత ఆమె చేతికిచ్చి వానలోనే వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండానే ఇల్లు కూడా ఖాళీ చేశాడు.

తర్వాత ఆమె పెరటి వైపు వెళ్ళడం మానేసింది.

“కాయలు ముదిరిపోతున్నాయే అమ్మాయ్. కోయకపోతే పూత ఆగిపోతుంది.”

“రేపు కోస్తాలెండి అత్తయ్యా.”

ఆ రేపు రాలేదు. గింజలు ఎండి తొక్కలోపల గలగలమంటున్నా రాలేదు.

ఒకరోజు షాపులో ఉండగా ఫోన్ మోగింది. అతని గొంతు. కంగారుగా ఉంది.

“మీ అత్తయ్యగారు నా పనిచోటికొచ్చారు. లిఫ్ట్ విప్పేసి ఉంటే అయిదంతస్తులూ మెట్లెక్కేశారు! మోకాళ్ళు పట్టేశాయి. త్వరగా రండి.”

పరుగున వెళ్ళింది. రొప్పుతూ నాలుగో అంతస్తు దాటుతుంటే పైనుంచి మాటలు వినిపించి ఆగిపోయింది.

“కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదండీ!”

“కొన్ని మాటలకి కబుర్లు పనికిరావు. కూర్చో. అది గిన్నెలు కడుగుతూ ఏడుస్తోంది, నా ముందు ఏడవదు. నేను స్నానాలగదిలో ఏడుస్తాను, దాని ముందు ఏడవను. ఒకే ఇంట్లో దొంగల్లా దాక్కుని ఎన్నాళ్ళు ఏడుస్తాం నాయనా?”

పైన పానా కింద పెట్టిన చప్పుడైంది.

“నువ్వు మా అబ్బాయి లోటు తీర్చలేవు. తీర్చాలని చూడకు కూడా. ఆ లోటు నేను పోయేదాకా నాతోనే ఉంటుంది.”

“మరి నన్నేం చెయ్యమంటారు?”

“నేను కొడుకుని వెతుక్కుంటూ రాలేదు. కూతురికి సంబంధం అడగడానికి వచ్చాను.”

కింది మెట్టు మీద ఆమె గోడ పట్టుకుంది. వెక్కిన చప్పుడు పైకి వినబడింది. ఇద్దరూ తొంగిచూశారు.

“విన్నావుగా! నీకిష్టమేనా?” అంది పెద్దావిడ.

ఆమె కళ్ళు తుడుచుకుంది. తల చిన్నగా ఊపింది.

“మీకు కష్టంగా లేదా?” అంది ఏడుపులోనే.

“ఉంది. ఎందుకుండదు? మెట్టుమెట్టుకీ వాడే గుర్తొచ్చాడు. అయినా ఎక్కాను కదే.”

అతను వంగి, నూనె మరకల చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, ఆవిడకు అందించాడు.

“జాగ్రత్తగా లేవండి, అత్తయ్యా.”

ఆ పిలుపుకు పెద్దావిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోడలి వైపు తిరిగి ముక్కు చీదుతూ అంది: “ఇద్దరూ అత్తయ్యా అంటే ఎలాగే? అల్లుడెలాగూ పిలుపు మార్చుకోలేడు.”

ఆమె మిగిలిన మెట్లెక్కి ఆవిడ రెండో చెయ్యి పట్టుకుంది. నోట్లో మాట ఎంతకీ కదల్లేదు. ముగ్గురూ ఒక్కో మెట్టే దిగుతుంటే, మూడో అంతస్తు దగ్గర వినీ వినబడకుండా వచ్చింది.

“అమ్మా.”

“ఊఁ” అంది ఆవిడ, రోజూ పలికినట్టే.